మ్యూజియంలో దొరికిన సంబంధం

గూళూరు
18 జులై 2024

రక్షీ,

నవ్వుకోవడానికి ఈ ఇంట్లో చోటు దొరక్క నీకు రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే స్పీకర్ పెడితే తప్ప నాకు వినపడదు. స్పీకర్ పెడితే మీ నాయన, మీ అమ్మ, టీవీ సీరియల్లో అత్తాకోడళ్ళు అందరూ కలిసి వింటారు. ఉత్తరమైతే భయం లేదు. మీ నాయనా మీ అమ్మా కన్నడ బడిలో చదివినవాళ్ళు, తెలుగు మాట్లాడటమే గానీ అక్షరం రాదు. నేను కదిరి దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉండి తెలుగు నేర్చుకున్నాను, నీకు పలక మీద దిద్దించాను. ఇంట్లో ఇది మనిద్దరికే చెల్లే నాణెం.

మొన్న మా స్త్రీశక్తి సంఘం వాళ్ళం టెంపో మాట్లాడుకుని చిక్కబళ్ళాపురం పోయాం. అక్కడ యూనివర్సిటీలో మహిళలకు ఏదో కార్యక్రమం, భోజనం వాళ్ళదే అన్నారు. ఆ మాట నమ్మకుండా నేను చిత్రాన్నం, నిప్పట్లు కట్టుకుపోయాను. ఉపన్యాసం అయ్యాక, పక్కనే మా పురాతన వస్తువుల మ్యూజియం ఉంది, చూసి రండమ్మా అన్నారు. మ్యూజియం అంటే రాజుల కోట అనుకునేవు. మూడు గదులంతే. ముందు గదిలో కుండపెంకులు, రాతి గొడ్డళ్ళు. మధ్య గదిలో నాగలి, మోట, తోలుబొమ్మలు. లోపలి గదిలో వీరగల్లులు, పశువులను కాపాడబోయి చచ్చిపోయిన వీరులకు ఊరివాళ్ళు నిలబెట్టిన రాళ్ళు. మా వాళ్ళు "కుండలు మన ఇండ్లల్లో లేవా" అనుకుంటూ బయటికి పోయారు. నేను ఒక రాయి దగ్గర ఆగిపోయాను. వీరుడు చచ్చి పైలోకంలో దర్జాగా కూర్చుని ఉన్నాడు, చెరో పక్క అప్సరసలు విసురుతున్నారు. చచ్చినాక కూడా ఆడవాళ్ళ చేత విసిరించుకుంటున్నాడే అని ఆశ్చర్యపోతున్నాను.

బయట నుంచి "ఒళగె యారాదరూ ఇద్దీరా?" అని కేక వినపడింది. లోపల ఎవరైనా ఉన్నారా అని కదా. ఎవరినో పిలుస్తున్నాడనుకున్నాను. ఆ 'ఎవరైనా' కిందికి నేనూ వస్తానని తోచలేదు. తలుపు మూసుకుంది, టక్కుమని బీగం పడింది.

అప్పుడు ఒక వీరగల్లు వెనక నుంచి మాట వచ్చింది. "అమ్మా, బీగం పడినట్లుండాదే?"

వీరుడే మాట్లాడాడనుకుని నేను "స్వామీ!" అన్నాను. రాయి వెనక నుంచి ఒక మనిషి లేచాడు. బట్లహళ్ళి ఆయన, ధనుంజయ అని పేరు. వాళ్ళ ఊరి రాయి ఒకటి ఇక్కడికి తెచ్చారని, అది యాడ పెట్టారో చూసిపోదామని వచ్చాడట. నా ఫోన్ టెంపోలో సంచిలో. ఆయన ఫోన్ స్కూటర్ డబ్బాలో. కిటికీ దగ్గర నిలబడి ఇద్దరం అరిచాం. ఒక కుక్క వచ్చి చూసి పోయింది.

ఆకలేసింది. గోడ మీద తినుబండారాలు నిషేధం అని రాసి ఉంది. ఆయన చదివి, "అది బయటోళ్ళకమ్మా, బీగంలో పడినోళ్ళకు కాదు" అన్నాడు. రాళ్ళ మధ్య కూర్చుని నా చేతిలోని చిత్రాన్నం డబ్బా విప్పాం. ఆయన ఒక నిప్పట్టు వీరుడి వైపు చాచి, "స్వామీ, తింటే తిను. లేదంటే ఆ కత్తి ఇట్ల ఇయ్యి, తలుపు కొడతాం" అన్నాడు. నాకు నవ్వు, నవ్వుకు పొలమారడం, పొలమారి ఎక్కిళ్ళు.

సరిగ్గా అప్పుడే బీగం తీసి కాపలా అబ్బాయి మంజునాథ లోపలికి వచ్చాడు. మా ఇద్దరి నోళ్ళ నిండా చిత్రాన్నం. కదలకుండా చూస్తూ కూర్చున్నాం. అతను కొత్తగా రెండు బొమ్మలు వచ్చాయనుకున్నాడో ఏమో, దగ్గరికి వచ్చి వంగి చూశాడు. నాకు ఎక్కిలి వచ్చింది. రక్షీ, ఆ కేక నువ్వు విని ఉండాల్సింది. తాళంచెవులు ఒక మూల, అతను ఒక మూల.

మా టెంపో వెళ్ళిపోయింది. తలలు లెక్కపెట్టుకుంటే సరిపోయాయట. బాగేపల్లికని అక్కడ ఎక్కిన ఒకామెను నేననుకుని లెక్కేశారు! ధనుంజయ నన్ను స్కూటర్ మీద బస్టాండులో దించాడు. ఇంట్లో ఏమీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇంకా ఎక్కిళ్ళతోనే,
మీ మునిరత్నత్త

—

చింతామణి
24 జులై 2024

బీగంలో పడిన అత్తకు,

నీ ఉత్తరం హాస్టల్ మెస్‌లో చదివి ఉప్పిట్టు ముక్కులోకి పోయింది. నా రూమ్మేట్ నేత్రకు కన్నడలో చెప్పాను, పక్క గదివాళ్ళకు నేత్ర చెప్పింది. ఇప్పుడు ఈ హాస్టల్లో ఎవరు తలుపేసినా "ఒళగె యారాదరూ ఇద్దీరా?" అని అరుస్తున్నారు. భాను మేడమ్, మా వార్డెన్, కారణం తెలీక తల పట్టుకుంది.

నా సంగతి ఏముంది. బీఎడ్‌లో ఈ నెలంతా టీచింగ్ ప్రాక్టీస్. ఏడో తరగతికి చరిత్ర చెప్పమన్నారు. రాతియుగం గురించి చెబుతుంటే ఒక పిల్ల లేచి, "మిస్, రాళ్ళు వేసే పిల్లలను అప్పుడు తిట్టేవాళ్ళా, మెచ్చుకునేవాళ్ళా?" అని అడిగింది. వెనక కూర్చున్న పరీక్షకులు ముగ్గురూ నవ్వారు. నాకు మార్కులు వేశారో లేదో తెలీదు.

అది సరే, ఎవరత్తా ఆ ధనుంజయ? రాతి వీరుణ్ణి కత్తి అడిగేవాడంటే మాటకారే. నువ్వు ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. అతని గురించి ఇంకొంచెం రాయి.

నీ నిప్పట్లు తినని,
రక్షిత

—

గూళూరు
9 ఆగస్టు 2024

రక్షితమ్మకు,

ఇక్కడ వాన పడింది, వేరుసెనక్కాయ చేను తేరుకుంది. మీ నాయన మొహం కూడా తేరుకుంది. మీ అమ్మ కొత్త మిక్సీ కొనింది, అది రుబ్బేటప్పుడు మేకలు తాళ్ళు తెంచుకుంటున్నాయి.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు డబ్బా మ్యూజియంలోనే మర్చిపోయాను. బ్యాంకులో పనుందని చెప్పి తెచ్చుకోవడానికి పోయాను. డబ్బా కడిగి, తుడిచి, ధనుంజయ చేతిలో ఉంది! నేను వస్తానేమోనని ఆయన కూడా వచ్చాడట. మంజునాథ మమ్మల్ని చూసి, "ఈతూరి బీగం నా జేబులోంచి తీయను" అన్నాడు. రాళ్ళన్నీ మళ్ళీ చూశాం. ఆ తర్వాత ఇంకోసారి కూడా పోయాను. ఈసారి మర్చిపోయిన వస్తువేదీ లేదు.

మనిషి మంచివాడు. బట్లహళ్ళిలో మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు పెంచుతాడు. తాగడు, బీడీ ముట్టడు. ఇంట్లో ఆడదిక్కు లేదు, వంట తనే చేసుకుంటాడు. నిటారుగా నడుస్తాడు, నిదానంగా మాట్లాడతాడు, ఎదుటివాళ్ళు చెప్పేది వింటాడు. మన ఇళ్ళల్లో వినే మగవాణ్ణి నువ్వు ఎంతమందిని చూశావు?

నీ చదువు అయ్యేదాకా ఇంట్లో పెళ్ళి మాట ఎత్తకూడదని అందరం అనుకున్నాం. తెలుసు. అయినా ఎత్తుతున్నాను, సిగ్గుగానే ఉంది. ఆయన పెళ్ళి సంగతి అడిగాడు. నేను ఏమీ చెప్పలేదు. రక్షితను అడగాలి అన్నాను. మీ నాయనకు తర్వాత చెబుదాం. నీ మాటే నాకు ముఖ్యం. నువ్వు సరే అంటే ముందుకు, వద్దంటే ఇక్కడితో ఆగిపోతుంది. ఆలోచించి రాయి.

జవాబు కోసం చూసే,
అత్త

—

చింతామణి
14 ఆగస్టు 2024

అత్తా,

నువ్వా ఈ మాట రాసింది! రెండుసార్లు చదివాను. నేత్ర ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

ఈ వయసులో పెళ్ళేంటి? నలుగురూ నవ్వరా? ఇన్నేళ్ళూ లేని ఆలోచన ఇప్పుడు ఎందుకు వచ్చింది? మొగుడు అనేవాడు లేకపోతే ఆడమనిషి బతకలేదా? ఆయనకు ఇంట్లో వండిపెట్టే దిక్కు లేకపోతే వంటమనిషిని పెట్టుకోమను. మూడుసార్లు చూసినంత మాత్రాన మంచివాడని ఎట్లా తెలుస్తుంది? నాయనకు తెలిస్తే ఎంత బాధపడతాడో ఆలోచించావా?

నాకు ఇష్టం లేదు. ఇంక ఆ మాట ఎత్తొద్దు. మ్యూజియంలో దొరికిన సంబంధం మ్యూజియంలోనే ఉండనీ.

కోపంగానే,
రక్షిత

—

గూళూరు
22 ఆగస్టు 2024

చిరంజీవి రక్షితకు,

నీ ఉత్తరం చేరింది. నువ్వు చెప్పిందే సరి. ఎందుకో బుద్ధి పక్కకు జారింది. ఆయనకు కబురు చేశాను, వద్దని. ఇంక ఆ వైపు పోను.

బాగేపల్లి సంతలో చిలకపచ్చ చీర ఒకటి కొనుక్కున్నాను, మీ అమ్మకు ఇచ్చేశాను. ఆమెకే బాగుంది. కలుపు తీయించాం. తెల్లమేక ఈనింది, రెండు పిల్లలు. నువ్వు బాగా చదువుకో. వేళకు తిను.

అత్త

—

చింతామణి
16 సెప్టెంబర్ 2024

అత్తా, అత్తా, అత్తా,

నువ్వు వద్దని చెప్పేశావంటే పండగ చేసుకున్నాను. గట్టిగా రాశానని బాధపడి సారీ ఉత్తరం కూడా మొదలుపెట్టాను. దాన్ని ఇప్పుడే చించేశాను. ఎందుకో విను.

నిన్న ఆదివారం. 'గేటు దగ్గర నీకోసం ఎవరో వచ్చారు' అని నాతో అన్నారు. పోయి చూస్తే తెల్లచొక్కా, తెల్లపంచె, తెల్లజుట్టు. చేతిలో జామకాయల సంచి.

"ఎవరు కావల్ల?" అన్నాను.

"రక్షితమ్మ నువ్వేనా? నేను బట్లహళ్ళి ధనుంజయ."

"ధనుంజయ వాళ్ళ నాయనా మీరు?"

"మా నాయన పోయి శానా ఏండ్లాయనమ్మా. నేనే ధనుంజయ."

అత్తా, గేటు ఊచల్లోంచి తల నుంచి కాలిదాకా ఇంకోసారి చూశాను!

"నువ్వు వద్దన్నావంట," అన్నాడు. "నువ్వు వద్దంటే ఈ పెండ్లి లేదు. అయినా ఒక్కతూరి మొగం చూసి, నాలుగు మాటలు చెప్పి పోదామని వచ్చినా."

"మీకు వయసెంత?"

"యాభై ఎనిమిది నడుస్తాండాది."

"సిగ్గుగా లేదా మీకు?"

"శానా సిగ్గుగా ఉండాదమ్మా. పోయిన ఆదివారం కూడా ఈ గేటు దాకా వచ్చి తిరుక్కొని పోయినా."

నిజాయితీగా చెప్పాడు, దానికి ఇంకా మండింది. "పిల్లలున్నారా?" అన్నాను.

"ఒక కూతురు, ప్రతిమ. పెండ్లయి హోసకోటలో ఉండాది. దాన్ని అడిగే వచ్చినా. సంతోషంగా ఒప్పుకునింది."

"మీ కూతురు నాకంటే పెద్దది గదా!"

"అవునమ్మా. నీకు అక్క మాదిరి ఉంటాది. పనులన్నీ వచ్చు, మంచి పిల్ల." నేనేదో మెచ్చుకున్నట్టు చిరునవ్వు కూడా! "నువ్వు ఏమీ చేయాల్సిన పని లేదు. నన్ను మామా అని పిల్చినావంటే చాలు. అంతకంటే నేనేం అడగను."

మన వైపు ఎంతమంది ఆడవాళ్ళు మొగుణ్ణి మామా అని పిలుస్తారో నీకు తెలీదా? "పిలవను! ఈ జన్మలో పిలవను!" అని అరిచి, ఆయన ఇచ్చిన సంచి గేటు సందులోంచి వెనక్కి తోశాను. సంచి చిరిగి జామకాయలు రోడ్డు మీద దొర్లాయి. పాపం ఆటోల మధ్య వంగి వంగి ఏరుకుంటున్నాడు. భాను మేడమ్ వచ్చి, "ఎవరమ్మా ఆయన, మీ తాతా?" అని అడిగింది. "కాదు మేడమ్, నన్ను చూడటానికి వచ్చిన పెళ్ళికొడుకు" అన్నాను. ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది.

నన్ను పెంచినదానివి. నాకు జ్వరమొస్తే నువ్వు పస్తున్నదానివి. నన్ను ఆ తాతకు ఎట్లా ఇవ్వాలనుకున్నావు అత్తా? వినే మగవాడంటే ఇదా? ఏడుపొస్తోంది.

రక్షిత

—

గూళూరు
21 సెప్టెంబర్ 2024

ఒసే పిచ్చిమొద్దూ,

నీకు కాదే. నాకు!

నాకు, నాకు, నాకు. ఈసారి సరిగ్గా రాశానా? ముందే ఇంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటే ఆయన జామకాయలు దక్కేవి.

నీ ఉత్తరం మేకల కొట్టంలో నిలబడి చదివాను. 'తాతకు ఇవ్వాలనుకున్నావు' దగ్గరికి వచ్చేసరికి విషయం తలకెక్కింది. నవ్వు మొదలైంది, ఆగలేదు. గడ్డి మీద కూలబడ్డాను. నవ్వుతూ ఉంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూ ఉంటే మళ్ళీ నవ్వు. మీ అమ్మ పరిగెత్తుకొచ్చి చూసి, దయ్యం పట్టిందని వేపమండ తెచ్చింది. "కొట్టు ప్రేమా, బాగా కొట్టు, నాకు పట్టింది" అన్నాను. ఆమె మండ పారేసి దూరం జరిగింది.

పోయిన నెల నీ ఉత్తరం చదివి నేను ఏమనుకున్నానో ఇప్పుడు చెప్తాను. ఈ వయసులో పెళ్ళేంటి అన్నావు. నా వయసే అనుకున్నాను. యాభై నాలుగేళ్ళ ముసలిదానికి బుద్ధి చెప్పావనుకున్నాను. నలుగురూ నవ్వుతారన్నావు. ఇన్నేళ్ళూ లేని ఆలోచన అన్నావు. ప్రతి మాటా నాకే అతికినట్టు సరిపోయింది, తల్లీ. కొలతలిచ్చి కుట్టించిన రవిక కూడా అంత బాగా పట్టదు. కోపం రాలేదు. నువ్వు పుట్టకముందే నా మొగుడు, మీ మామ, పోయాడు, నన్ను తమ్ముడు ఈ ఇంటికి తెచ్చుకున్నాడు. నువ్వు పుట్టాక నా చేతుల్లో పెరిగావు. నువ్వే కాదన్నాక ఇంకెవరిని అడగాలి అనుకున్నాను.

సరే, ఇప్పుడు తిన్నగా అడుగుతున్నాను. నాకు ఆయన ఇష్టం. మొదటి రోజు నన్ను అమ్మా అమ్మా అన్నవాడు రెండోసారి అమ్మా అనడం మానేశాడు. ఇంకేమని పిలవాలో తెలీక, నాతో చెప్పాల్సినవన్నీ రాళ్ళ వైపు చూసి చెబుతాడు. "ఈ పొద్దు ఎండ శానా ఉండాది" అని వీరుడికి చెబితే నేను "అవును" అనాలి. నాకు అది చూస్తే ముద్దొస్తుంది. ఈ మాట రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను.

ఇప్పుడు చెప్పు. ఈ వయసులో పెళ్ళేంటి?

నీకు మేనత్త, నాకు మాత్రం ఈ మధ్య పదహారేళ్ళ పిల్ల,
మునిరత్న

—

చింతామణి
30 సెప్టెంబర్ 2024

పెళ్ళికూతురికి,

ఈ వయసులో కాకపోతే ఇంకే వయసులో?

నీ ఉత్తరం చదివి మంచం మీద ఎగిరాను, ఒక చెక్కపట్టీ విరిగింది. తర్వాత గుర్తొచ్చింది, ఆయనను రోడ్డు మీద జామకాయలు ఏరించాను కదా. దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నేత్ర దుప్పటి లాగేసి, "లే, బట్లహళ్ళి పోదాం" అంది.

నిన్న పోయాం. బస్సు దిగి అడిగితే తోట చూపించారు. మల్బరీ వరసల మధ్య ఆకు కోస్తున్నాడు. నన్ను చూసి భయపడి నిలబడిపోయాడు. ఇంకేం తిట్లు తెచ్చానో అనుకుని ఉంటాడు. నేను నోరు తెరిచి "మామా" అన్నాను. బుట్ట జారవిడిచాడు.

"మళ్ళొక్కసారి అనమ్మా" అన్నాడు.

"మామా, నన్ను మన్నించల్ల. పెండ్లికూతురు నేననుకుంటి."

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమైనాక రెండు చేతులతో తల పట్టుకుని మల్బరీ చెట్ల మధ్య చతికిలబడ్డాడు. "అయ్యో అయ్యో, నిన్ను... అందుకేనా వయసెంతని అడిగితివి! సిగ్గు లేదా అంటివి! నేను చూడు, ఉండాది ఉండాది అంటి!" నవ్వలేక ఆయన, ఆపలేక మేము. మాకు రాగిముద్ద, ఉలవచారు చేసి పెట్టాడు. నిజం చెప్పనా, ఉలవచారు నీకంటే బాగా చేస్తాడు. నేత్ర మూడు ముద్దలు తినింది. పోయేటప్పుడు మళ్ళీ జామకాయలిచ్చాడు, ఈసారి గుడ్డసంచిలో.

ఇంక మిగిలింది నాయన. నేను ఫోన్ చేసి చెప్పనా? కానీ ఇది నీ నోటితో నువ్వు చెప్పాల్సిన మాట అనిపిస్తోంది. భయపడకు. ఆయనకు కోపం వస్తుంది, అరుస్తాడు, తర్వాత నీళ్ళడుగుతాడు. ఎప్పుడూ అంతే కదా.

నీకంటే ఎక్కువ తొందరపడుతున్న,
రక్షిత

—

గూళూరు
21 అక్టోబర్ 2024

నా రక్షికి,

మీ నాయన అరవలేదు. అదే కష్టమైంది.

చేనులో వేరుసెనగ పీకుతుంటే చెప్పాను. పీకడం ఆపలేదు. మూడు రోజులు నాతో మాట లేదు. తింటాడు, లేస్తాడు. నాలుగో రోజు నేను నీళ్ళ చెంబు ఇస్తే తీసుకోకుండా అడిగాడు.

"నా ఇంట్లో నీకేం తక్కువ చేసినానక్కా?"

వాడి గొంతు అట్లా జీరపోవడం నేను మా నాయన పోయినప్పుడు విన్నాను, మళ్ళీ ఇప్పుడు. కోపం అనుకున్నాను గానీ, వాడికి నొప్పి పుట్టింది. ఇన్నేళ్ళు చూసుకున్నది చాలలేదని అక్క వెళ్ళిపోతోందనుకున్నాడు.

"తక్కువ చేయలేదురా రామచంద్రా, ఎక్కువే చేసినావు" అన్నాను. "నీ ఇంట్లో నాకు లేనిది లేదు. కానీ అది నీ ఇల్లు. నాదీ అని చెప్పుకునే ఇంట్లో కొన్నాళ్ళు ఉండాలని ఉండాది. అంతే."

వాడు చెంబు తీసుకున్నాడు. తాగలేదు. అప్పుడు మీ అమ్మ, ఎప్పుడూ మా అక్కాతమ్ముళ్ళ మధ్యకు రానిది, వాకిట్లోంచి అనింది. "మీ అక్క నవ్వి ఎన్నేండ్లాయనో నీకు తెలుసునా? ఆ పొద్దు కొట్టంలో నవ్వుతాంటే నేను దయ్యమనుకుంటి. నవ్వితే దయ్యమనుకునే మాదిరి బతికిండాది ఆమె, మన ఇంట్లో." రక్షీ, మీ అమ్మను ఇన్నాళ్ళూ నేను సరిగ్గా చూడనేలేదు.

చివరికి మీ నాయన, "ఆ మనిషిని చూడల్ల. ఆ మ్యూజియమూ చూడల్ల. అక్క యాడ చిక్కుకునిందో నాకు తెలియల్ల" అన్నాడు. సరేనని మొన్న ముగ్గురం బస్సెక్కాం. మీ అమ్మ నాకు ఆ చిలకపచ్చ చీర కట్టింది. ధనుంజయ కూడా వచ్చాడు, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో. నమస్కారాలయ్యాయి. ఆ తర్వాత అందరం కుండపెంకులు లెక్కపెట్టడంలో పడ్డాం. మంజునాథ మా వెనకే నడుస్తున్నాడు, పెళ్ళిచూపులని ఎట్లా పసిగట్టాడో నాకు తెలీదు.

మధ్య గదిలో మోట ఉంది కదా, బావిలోంచి ఎద్దులతో నీళ్ళు తోడే తోలుసంచి. మీ నాయన దాని దగ్గర ఆగి, "మా నాయన తోలేవాడు" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"మాకూ ఉండె" అన్నాడు ధనుంజయ. "ఎద్దులు వాలులో కిందికి పోయి, అట్లే ఎనక్కి నడుచుకుంటా పైకి వచ్చేటివి."

"ఎనక్కి యాడ నడుస్తాయప్పా ఎద్దులు? కింద తిప్పుకొని రావల్ల."

"తిప్పితే తాడు చుట్టుకుంటాది గదప్పా!"

"మా బావి కాడ తిప్పేవాళ్ళం!"

ఇంక చూడు. గొంతులు లేచాయి. పెళ్ళి పోయింది, అక్క పోయింది, మోట ఒక్కటే మిగిలింది. కుదిరిందంతా ఇక్కడే చెడుతుందనుకున్నాను. ఇంతలో మీ నాయన భుజం మీది తువాలు తీసి ఒక కొస ఆయన చేతికిచ్చి, ఇంకో కొస తన నడుముకు చుట్టుకున్నాడు. "పట్టుకో. నేనే ఎద్దు. ఎట్ల తిరుగుతుందో చూడు." రెండడుగులు వేసి తిరిగాడు. తువాలు కాళ్ళకు చుట్టుకుంది, తోలుబొమ్మల మీద పడబోయాడు. ధనుంజయ లాగి పట్టుకున్నాడు. "ఎనక్కి నడువప్పా, నా మాట విను, హో... హో..." అని నిజంగా ఎద్దును అదిలించినట్టు అదిలించాడు. మీ నాయన, సొసైటీ డైరెక్టరు, ఊళ్ళో నలుగురూ లేచి నిలబడే మనిషి, యూనివర్సిటీ మ్యూజియంలో తలవంచుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. తాడు చుట్టుకోలేదు.

"నిజమే" అన్నాడు మీ నాయన. "ఎనక్కే నడిచేటివి. మా నాయన 'హో' అనేవాడు. ఇప్పుడు గుర్తొచ్చింది."

అందరం నవ్వాం. మీ అమ్మ నాగలిని పట్టుకుని నవ్వింది. మంజునాథ "సార్, వస్తువులు ముట్టకండి" అనబోయి తనే గోడకు ఆనుకుని నవ్వాడు. మీ నాయన నడుముకు తువాలు అట్లాగే ఉంది, రెండో కొస ఇంకా ధనుంజయ చేతిలోనే. ఆ నవ్వు ఆగకముందే అడిగాడు.

"కార్తీకంలో పెట్టుకుందామా, బావా?"

బావా అన్నాడే, రక్షీ.

పరీక్షలకు అడ్డం రాకుండా చూసి తేదీ పంపిస్తాం. జుట్టుకు నూనె రాసుకో.

నేలమీద కాళ్ళు నిలవని,
అత్త

—

బట్లహళ్ళి
18 నవంబర్ 2024

రక్షితమ్మా,

మేము గుడిలో దండలు మార్చుకోగానే నువ్వు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సాక్షి సంతకం చేసి, మర్నాడు పరీక్షని పరుగెత్తావు. ఎట్లా రాశావో వెంటనే తెలియజేయి. నువ్వు పోయాక జరిగింది చెప్తాను.

అందరం ఇక్కడికి చేరాం. మీ నాయన మాత్రం వాకిట్లోనే నిలబడ్డాడు. తాంబూలం తీసుకుని మధ్యాహ్నం బస్సుకే పోతానన్నాడు. ఎంత చెప్పినా కూర్చోలేదు. మనసు ఒప్పుకున్నా కాళ్ళు ఒప్పుకోలేదు వాడికి, నన్ను ఇంకొకరి గడపలో వదిలి పోవాలంటే. చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు.

అప్పుడు పురుగుల ఇంట్లోంచి ప్రతిమ కేకేసింది. "నాయనా, పురుగు పండిపోయింది!" పట్టుపురుగులు మేత మానేసి, ఒళ్ళు తేనె రంగుకు తిరిగి, తలలెత్తి గూడు కట్టే చోటు వెతుకుతున్నాయి. రేపు పండుతాయనుకున్నవి ఒకరోజు ముందే పండాయి. అప్పటికప్పుడు ఏరి చంద్రికలనే వెదురు చట్రాల మీద వేయకపోతే ఎక్కడ పడితే అక్కడ దారం చుట్టేసుకుని పంటంతా పోతుంది. పెళ్ళికొడుకు మెడలో దండతోనే పరిగెత్తాడు. నేను పట్టుచీర కొంగు నడుముకు దోపి వెనకే పోయాను. చేతిలోకి తీసుకుంటే చల్లగా, మెత్తగా, పసిపిల్ల వేలు కదిలినట్టు. మొదట కెవ్వుమన్నాను, తర్వాత అలవాటైంది. మీ అమ్మ వచ్చింది, హోసకోట అల్లుడు వచ్చాడు, పురోహితుడు కూడా దక్షిణ బొడ్లో దోపుకుని ఒక చంద్రిక పట్టాడు. అంత మంది ఉన్నా చేతులు చాల్లేదు. తలెత్తి చూస్తే మీ నాయన చెప్పులు వదిలి, చొక్కా చేతులు మడుచుకుని నా పక్కన కూర్చుని ఏరుతున్నాడు. ఎప్పుడు వచ్చాడో చూడలేదు.

బస్సు పోయింది. ఇంకో బస్సూ పోయింది. చివరి పురుగును కూడా ఎక్కించి అందరం గోడకు ఆనుకున్నాం. చంద్రికల నిండా అవి తలలు ఊపుతూ దారం తీస్తున్నాయి. గది నిండా ఒకటే గుసగుస.

మీ నాయన చేతులు కడుక్కుని వచ్చాడు. ఇంట్లోకి వచ్చి, నడింట్లో చాప వేసుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి కూర్చున్నట్టు.

"అక్కా, ఆకలవుతాండాది. ఏమన్నా పెట్టు" అన్నాడు.

వంటగదిలో ఉప్పు ఎక్కడుందో కూడా నాకు తెలీదు. వెతుక్కున్నాను. పొయ్యి వెలిగించి, నా ఇంట్లో, నా తమ్ముడికి అన్నం వండాను.

రెండోసారి కూడా అడిగి వేయించుకున్నాడు.

నీ అత్త,
మునిరత్న